గొళ్ళెం ఏ వైపున ఉంది

చాండ్లర్, అరిజోనా,
6 ఫిబ్రవరి 2011

రాధా,

ఫోన్లో అయిదు నిమిషాల్లో అయిపోయే మాటలకి వదిన ఉత్తరమెందుకు రాస్తోందా అనుకుంటావు. ఇంట్లో నేను ఫోన్ పట్టుకోవడం లేదమ్మా. ఎవరితో మాట్లాడినా తన మీద చాడీలు చెబుతున్నానని మీ అన్నయ్యకి అనుమానం. పోయిన వారం నువ్వు ఫోన్ చేసినప్పుడు మధ్యలో కట్ అయింది చూడు, అది సిగ్నల్ పోయి కాదు. నా చేతిలోంచి లాక్కుని సింకులో నీళ్ళలో పడేశారు. ఆదివారాలు మా వీధి చివరి కనకదుర్గ వచ్చి రెండు గంటలు ఆయన దగ్గర కూర్చుంటోంది. కూరగాయలకని బయల్దేరి, కొట్టు ముందు కార్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆయన మతిమరుపు జబ్బు మధ్య దశకి వచ్చిందని డాక్టరు అన్నారు. మధ్య దశ అంటే, బాత్‌రూమ్ ఎక్కడుందో ఆయనకి దొరకడం లేదు. రెండుసార్లు బట్టల అలమారలో పని కానిచ్చారు. అద్దంలో ముసలాయన్ని చూసి, "ఎవడయ్యా నువ్వు, నా ఇంట్లో నీకేం పని?" అని చేతిలో ఉన్న మగ్గు విసిరారు. హాల్లో నల్ల తివాచీ ఉంది కదా, దాని అంచుదాకా వచ్చి ఆగిపోతారు. గొయ్యి ఉందంటారు. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో కంటికి ఆనని గీతల్ని కొలిచిన మనిషి రాధా. ఇప్పుడు తివాచీ చుట్టూ గోడ పట్టుకుని నడుస్తున్నారు.

ఇలాంటివాళ్ళు ఉండే హోములకి నువ్వు ముప్ఫై ఏళ్ళు ప్లాన్లు గీశావు. మాకు పిల్లలు లేరు, అడగడానికి నువ్వొక్కదానివే. ఈ ఇంటిని ఏం చేస్తే ఆయన ఇందులో ఉండగలరో చెప్పు. ఎక్కడికీ పంపనని మాటిచ్చాను. ఆయనకి తెలివి ఉన్నప్పుడే, ఆయన అడిగితేనే ఇచ్చాను.

మీ ఆయన మోహన్ గారి డయాలసిస్ ఎలా సాగుతోంది? వారంలో మూడు రోజులూ నువ్వే డ్రైవ్ చేస్తున్నావా? మోకాలు జాగ్రత్త. కొట్టు మూసే వేళయింది, కొత్తిమీర అయినా కొనకుండా ఇంటికెళితే కనకదుర్గ అడుగుతుంది.

మీ వదిన
ఆండాళ్

*

కమ్మింగ్, జార్జియా,
12 ఫిబ్రవరి 2011

వదినా,

నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను. తర్వాత ట్రేసింగ్ పేపర్ తీశాను.

భయపడకు, ఇది నా ఫీల్డ్. అన్నయ్య కళ్ళు బాగానే ఉన్నాయి. కళ్ళు చూసినదాన్ని మెదడు తప్పుగా చదువుతోంది. నల్లటిది ఏదైనా గొయ్యిలా కనిపిస్తుంది, నిగనిగలాడే నేల నీళ్ళలా కనిపిస్తుంది. తివాచీలన్నీ తీసెయ్. అద్దాలకి గుడ్డ కప్పు. తెల్లటి బాత్‌రూమ్‌లో తెల్ల సీటు ఆయనకి కనపడదు, ఎర్రది బిగించు. ఆ గది తలుపు ఊడదీయించు, మంచం మీంచి చూస్తే సీటు కనపడాలి. తెల్ల కంచంలో అన్నం కూడా అంతే, నీలం కంచం కొను. అలమారలో ఒక్క చొక్కా, ఒక్క ప్యాంటు, అంతే. పొద్దు వాలకముందే కర్టెన్లు వేసి లైట్లన్నీ వెయ్, లేకపోతే కిటికీ గాజులో మళ్ళీ ఆ ముసలాయన వస్తాడు. వీధి తలుపు మీద గోడ రంగు తెర దించు. తలుపు కనిపించకపోతే బయటికెళ్ళాలని తోచదు.

ప్లాన్ జత చేశాను. ముప్ఫై రెండు నోట్స్ ఉన్నాయి, నంబర్లు వేశాను. మీ పక్కింటి యోగానంద్ గారు రిటైరై ఖాళీగానే ఉన్నారుగా, పనులకి ఆయన్ని అడుగు.

రావాలని ఉంది. మోహన్‌ని వదిలి ఒక్కరోజు కూడా రాలేను. నేను మీ ఊరి పక్క టెంపీలో చదువుకోడానికి వచ్చినప్పుడు, డ్రాయింగ్ బోర్డు కారు మీద తాడేసి కట్టి నన్ను క్లాసుదాకా దింపింది అన్నయ్యే. ఆ మనిషి ఇంటికి నేను గీయకపోతే ఎవరు గీస్తారు? ఇల్లు సరిగ్గా ఉంటే మనిషి సగం సరవుతాడు వదినా, చూస్తూ ఉండు.

రాధారాణి

*

చాండ్లర్,
20 మార్చి 2011

రాధా,

అక్షరాలు చూసి కంగారుపడకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. బాత్‌రూమ్‌లో జారి కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. డ్రైవింగ్ కుదరదు కాబట్టి కనకదుర్గ మా ఇంట్లో, నేను వాళ్ళింట్లో.

ముందు మంచి మాట చెబుతాను. ఎర్ర సీటు పని చేసింది! మొదటి రోజు పొద్దున లేచి, అటు చూసి, తనంతట తను నడిచి వెళ్ళారు. తలుపు లేని గదిలో ఆయన, వంటింట్లో నేను సంతోషంతో ఏడుస్తూ. డెబ్బై రెండేళ్ళ మొగుడు బాత్‌రూమ్‌కి వెళ్ళాడని ఏడ్చే ఆడది ఉంటుందా? నీలం కంచంలో అన్నం అంతా తిన్నారు, మెతుకు మిగల్చలేదు. తివాచీ చుట్టి గరాజులో పడేశాం.

వీధి తలుపు తెర మాత్రం తీసేశాను. మూడు గంటలపాటు గోడ మీద అరచేతులు రాసుకుంటూ తిరిగారు. "ఇక్కడే ఉండేది, ఇక్కడే ఉండేది, నాకు ఆఫీస్‌కి లేట్ అవుతోంది," అని. బయటికి వెళ్ళాలన్న సంగతి ఎక్కడికీ పోలేదు రాధా, తలుపు ఒక్కటే పోయింది. నన్ను చూసి, "అమ్మా, బయటికి దారి చెప్పండి, మీకు దండం పెడతాను," అన్నారు. దండం పెట్టారు కూడా. నేను తట్టుకోలేకపోయాను.

ఆయన్ని చూసుకోడానికి ఏజెన్సీ వాళ్ళు పంపిన మనిషి రెండు రోజులు వచ్చి మానేసింది. ఇంకో మనిషిని పంపుతామన్నారు.

ఆండాళ్

*

కమ్మింగ్,
29 మార్చి 2011

వదినా,

ఒక్కరోజుకే తెర తీసేస్తే ఎలా? ఏ మార్పుకైనా రెండు వారాలు టైమ్ ఇవ్వాలి. నువ్వు కరిగిపోయి ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటూ ఉంటే ఏ డిజైనూ పని చేయదు. కోపంగా అనడం లేదు, అనుభవంతో చెబుతున్నాను.

సరే, తిరగాలనిపిస్తే తిరగనిద్దాం. పెరట్లో గుండ్రంగా దారి వేయించు. వెనక తలుపు దగ్గర మొదలై వెనక తలుపు దగ్గరికే రావాలి, మధ్యలో ఎక్కడా దారి ముగిసిపోకూడదు. లేత రంగు కాంక్రీటు, పక్కన పట్టుకోడానికి రెయిలింగు. కొత్త షీటు పంపుతున్నాను.

నువ్వు జారావంటే బాత్‌రూమ్‌లో మ్యాట్ ఉంచావన్నమాట. నోట్ నంబర్ తొమ్మిది చూడు, మ్యాట్లు వద్దని రాశాను. ప్లాన్ సరిగ్గా చదువు వదినా, ప్లీజ్.

రాధ

*

చాండ్లర్,
22 మే 2011

రాధా,

కట్టు విప్పారు. ఎముక వంకరగా అతుక్కుందట. ఇప్పుడు పెన్ను పట్టుకోగలుగుతున్నాను, అది చాలు.

యోగానంద్ గారు దారి వేయించారు. ఏప్రిల్ రెండో వారం నుంచి మీ అన్నయ్య దాని మీదే ఉన్నారు. ఒకరోజు నలభై చుట్లు లెక్కపెట్టాను. అలిసిపోయి వచ్చి, అన్నం తిని, కుర్చీలోనే నిద్రపోయేవారు. ఆ మూడు వారాలు నేను మనిషిలా బతికాను.

నువ్వు జార్జియాలో ఉండి గీశావు, మా ఎండ నీ కాగితం మీద లేదు. మే మొదటి వారానికే పదింటికల్లా కాంక్రీటు పెనంలా కాలుతోంది. చెప్పులు వేస్తే విప్పేస్తారు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోపు ఉత్త కాళ్ళతో తిరిగారు, అరికాళ్ళ నిండా బొబ్బలు. నొప్పి అని చెప్పలేదు, తిరుగుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి వెనక తలుపుకి తాళం వేశాను. ఆయన గాజు తలుపు అవతల దారిని చూస్తూ, గాజు మీద కొడుతూ నిలబడుతున్నారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే చప్పుడు.

ఏజెన్సీ మూడో మనిషి కూడా రాలేదు. ఇంకేం రాయను.

ఆండాళ్

*

కమ్మింగ్,
11 జూన్ 2011

వదినా,

నా ఫ్రెండ్ పద్మజ ఫోన్ చేసింది. ఫీనిక్స్ గుడికి వచ్చినప్పుడు మీ ఇంటికి వచ్చిందట కదా, పది నిమిషాలు కూర్చుందట. పడకగది తలుపుకి కొత్తగా పెద్ద గొళ్ళెం బిగించి ఉందని చెప్పింది. అన్నయ్య పిల్లిలా మూలన కూర్చున్నాడని, నువ్వు ఆవిడ కళ్ళలోకి చూడలేదని చెప్పింది.

సూటిగా అడుగుతున్నాను. మా అన్నయ్యని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తున్నావా?

ముప్ఫై ఏళ్ళు నేను ఇలాంటివాళ్ళని తాళాల వెనక పెట్టకూడదనే పని చేశాను. వెనక తలుపుకి తాళం అన్నావు, ఎండ కదా అని ఊరుకున్నాను. పడకగదికి గొళ్ళెం ఏమిటి? నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు. నేను ఇల్లు గీసి పంపితే నువ్వు జైలు కట్టావు. ఇలాంటివి ఎవరికి రిపోర్ట్ చేయాలో నాకు తెలుసు. అంతదాకా తేవద్దు.

రాధారాణి

*

చాండ్లర్,
19 జూన్ 2011

రాధారాణికి,

పద్మజ గొళ్ళెం చూసింది గానీ అది ఏ వైపున ఉందో చూడలేదు. గొళ్ళెం లోపలి వైపున ఉంది. ఆ గదిలో ఉండేది నేను.

నేను బాత్‌రూమ్‌లో జారలేదు. మార్చి నాలుగో తారీఖున స్నానం చేయిద్దామని చొక్కా గుండీలు విప్పుతుంటే, ఎవరో పరాయి ఆడది తన బట్టలు లాగుతోందనుకున్నారు. చెయ్యి మెలితిప్పారు. విరిగిన చప్పుడు ఇద్దరం విన్నాం. అయిదు నిమిషాల తర్వాత వచ్చి నా చెయ్యి చూసి, "ఎవరమ్మా నిన్ను కొట్టింది? వాడు మనిషేనా?" అని ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి గుడ్డలో కట్టి పెట్టారు. హాస్పిటల్లో జారానని చెప్పాను. నీకూ అదే రాశాను. మ్యాట్ ఎందుకుంచావని నువ్వు తిట్టావు. మ్యాట్ లేదు రాధా. తొమ్మిదో నోట్ నేను చదివాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆయనకి ఆ ఆవేశం వస్తోంది. వచ్చినప్పుడు నేను ఆ గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుని మంచం మీద కూర్చుంటాను. కాసేపు తలుపు బాదుతారు. తర్వాత నెమ్మదించి, చాలా మర్యాదగా, "లోపల ఎవరండీ?" అంటారు.

ఎలాగూ రిపోర్ట్ చేస్తానన్నావు కాబట్టి, మొత్తం రాస్తాను. మొన్న గురువారం అలా లోపల కూర్చున్నాను. వీధి తలుపు తెరుచుకున్న చప్పుడయింది. తాళం వేయడం నేనే మరిచిపోయాను. మరిచిపోయానో మరి, మరిచిపోవాలనుకున్నానో, నాకే తెలియదు. బయట నూట పది ఫారెన్‌హీట్ డిగ్రీలు. గోడ గడియారం రెండూ ఇరవై. ఆయన వెళ్ళిపోయారని నాకు తెలుసు. నేను లేవలేదు. ఇంట్లో చప్పుడు లేదు. ఎన్ని నెలల తర్వాతో ఇంట్లో చప్పుడు లేదు. నేను మంచం మీద పడుకున్నాను రాధా. దుప్పటి కూడా కప్పుకున్నాను. రెండూ ముప్ఫై అయిదుకి లేచి పరుగెత్తాను.

రెండు వీధుల అవతల, ఉత్తరాలు పంచే అతను తన బండి నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. నెలల తరబడి నన్ను గుర్తుపట్టని మనిషి, ఆ రోజు నన్ను చూసి అతనితో ఇంగ్లీషులో, "చెప్పానుగా, నా భార్య వస్తుందని," అన్నారు.

నీ ప్లాన్ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ముప్ఫై రెండు నోట్సులో నేను ఎక్కడ కూర్చోవాలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఎవరితో మాట్లాడాలో మాట్లాడు.

ఆండాళ్

*

కమ్మింగ్,
23 జూన్ 2011

వదినా,

ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తానేమో. శనివారం ఫ్లైట్ బుక్ చేశాను. నీకు ఆదివారానికి ఇటు టికెట్ తీశాను. వద్దనకు. నువ్వు వచ్చి మోహన్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్ళు, నేను అన్నయ్యతో ఉంటాను. అక్కడ నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడం తప్ప పనేమీ ఉండదు.

పద్మజ మాట విని నిన్ను అంతమాట అన్నాను. క్షమించమని ఉత్తరంలో అడగను. వచ్చి అడుగుతాను.

రాధ

*

చాండ్లర్,
6 జులై 2011

వదినా,

వచ్చి పదకొండు రోజులయింది. మొదటి రోజు అన్నయ్య నన్ను గుర్తుపట్టాడు. "రాధీ, హోమ్‌వర్క్ అయిందా?" అన్నాడు. నీకు ఈ జబ్బు గురించి తెలియదు గానీ నాకు తెలుసు అని మనసులో పొంగిపోయాను. సిగ్గుగా ఉంది రాయడానికి. మూడో రోజుకి నేను వాళ్ళ ఆఫీసులో దొంగని. ఆరో రోజు చెంప మీద కొట్టాడు. మా నాన్న కూడా నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నీ గదిలోకి పరుగెత్తి గొళ్ళెం పెట్టుకున్నాను.

ఫ్రిజ్ మీద ప్లాన్ చూశాను. ఇరవై ఏడు నోట్స్ పక్కన టిక్కులు పెట్టావు, సగం ఎడమ చేత్తో. పంతొమ్మిది పక్కన "ఏడ్చారు, తీసేశాను" అని రాశావు. నేను గీసిన ప్రతి బిల్డింగు ఓపెనింగ్‌కి వెళ్ళాను వదినా. రిబ్బన్ కట్ చేసి, కేకు తిని, ఫొటో దిగి వచ్చేదాన్ని. అందులో ఒక్క పూట కూడా ఉండలేదు.

పక్కనున్న మీసా అనే ఊళ్ళో పన్నెండుమంది ఉండే చిన్న హోమ్ ఒకటి చూసి వచ్చాను. నీడలో నడక దారి ఉంది, కప్పు వేసి ఫ్యాన్లు పెట్టారు. ముందు గుమ్మంలో నల్ల మ్యాట్ ఉంటే గొడవపడ్డాను, నా ఎదురుగానే తీసేశారు. ఎనిమిది గంటలకొకసారి అక్కడ మనుషులు మారతారు. ఇక్కడ మారడానికి ఎవరున్నారు? ఒక గది ఖాళీ ఉంది. భార్యగా నువ్వు సంతకం పెట్టాలి. పేపర్లు పంపుతున్నాను.

రాధ

*

కమ్మింగ్,
11 జులై 2011

రాధా,

పేపర్లు అందాయి. సంతకం పెట్టలేదు.

ఆ గురువారం సంగతి నీకు రాయకుండా ఉండవలసింది. నా మీద నమ్మకం పోయింది కదూ? ఆ పదిహేను నిమిషాలకి ఇది శిక్షా? కోపముంటే నన్ను తిట్టు, కొట్టినా పడతాను. ఆయన్ని మాత్రం పంపకు. నేను మాటిచ్చాను. ఆయనకి గుర్తులేదు కదా అని మాట తప్పుతామా?

ఇక్కడ నేను డయాలసిస్ సెంటర్లో కూర్చున్న చోటే నిద్రపోతున్నాను. నిన్న నర్సు నన్ను చూసి పేషంటు అనుకుని బీపీ చూడబోయింది. మోహన్ గారు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాక భయమేసింది. ఇక్కడ వేడి వేడి అన్నం తింటున్నాను, ఎవరూ తలుపు బాదడం లేదు. బాగుంది. ఇంత బాగుండటమే నాకు తప్పుగా అనిపిస్తోంది. వచ్చేస్తాను. నేను తిరిగి వస్తాను, నువ్వు నీ ఇంటికి వచ్చెయ్.

ఆండాళ్

*

చాండ్లర్,
15 జులై 2011

వదినా,

శిక్ష కాదు. ఎలా చెబితే నమ్ముతావో తెలియక, నాది కూడా చెబుతున్నాను.

మంగళవారం అన్నయ్య దగ్గర కనకదుర్గ గారిని కూర్చోబెట్టి పాలకని బయల్దేరాను. కొట్టు దాటిపోయాను. తర్వాత చూసుకుంటే ఎయిర్‌పోర్టు పార్కింగులో ఉన్నాను. బ్యాగు లేదు, టికెట్ లేదు. విమానాలు లేవడం చూస్తూ కూర్చున్నాను. కనకదుర్గ గారు ఏడుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. నాకు ప్రాణమిచ్చిన అన్నయ్య ఇంట్లో ఉన్నాడు, ఆయన ఇక లేకపోతే బాగుండునని పైకే, గట్టిగా అన్నాను. కార్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరూ వినలేదు. నీవి పదిహేను నిమిషాలు వదినా, నావి నలభై. నేను ఇక్కడికి వచ్చి మూడు వారాలు కూడా కాలేదు.

నీ మీద నమ్మకం లేక అడగడం లేదు. నావల్ల కాలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం, డిగ్రీలు, అన్నీ ఉండి నావల్ల కాలేదు. నువ్వు ఇంకా ఒక ఏడాది చేయగలవేమో, ఆ తర్వాత మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఈ ఇంట్లో చచ్చిపోతారు. ఎక్కడికీ పంపవద్దని నీ దగ్గర మాట తీసుకున్న మనిషి నీ చెయ్యి ఇలా విరగాలని అడగలేదు. అన్నయ్య నాకు తెలుసు. నీ చెయ్యి విరిచింది తనేనని తెలిస్తే, తనే నడిచి వెళ్ళి ఆ హోమ్‌లో చేరతాడు.

ఆ ఒక్కటీ ఆలోచించి సంతకం పెట్టు. పెట్టకపోయినా నేను కోప్పడను. పెట్టకపోతే ఇద్దరం కలిసి చేద్దాం, మోహన్‌ని కూడా ఇక్కడికే తెచ్చేస్తాను.

నీ రాధ

*

చాండ్లర్,
16 అక్టోబర్ 2011

రాధా,

నువ్వు వెళ్ళాక రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. ఇప్పుడు ఇంట్లోనే, భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

ఆయన హోమ్‌లో చేరిన మొదటి నెల ఘోరంగా గడిచింది. నువ్వు ఫోన్లో అడిగినప్పుడల్లా బాగానే ఉన్నారన్నాను, అబద్ధం. ఎనిమిది పౌన్లు తగ్గారు. నేను తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి వదిలేవారు కాదు. ఇద్దరు మనుషులు వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేవారు. పార్కింగులో కార్ స్టార్ట్ చేయలేక గంట గంట కూర్చునేదాన్ని. సంతకం పెట్టిన చెయ్యిని చూస్తూ, దీన్ని ఆయన పూర్తిగా విరిచి ఉండాల్సింది అనుకున్నాను. ఇప్పుడు కూడా, నేను చేసింది సరైనదే అని నీకు రాయలేను. వేరే దారి కనిపించలేదు, అంతవరకే రాయగలను.

సెప్టెంబరు చివరికి కాస్త తిండి మొదలుపెట్టారు. అక్కడ నీడ దారిలో తిరుగుతారు. ఎవరినీ కొట్టడం లేదు. స్నానం చేయించేది ఒక మగమనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆయనకి నేనెవరో తెలియదు. రోజూ పదకొండింటికి వెళతాను, పెరుగన్నం తీసుకెళతాను.

మొన్న గురువారం నన్ను నర్సుకి పరిచయం చేశారు. "ఈవిడ పాపం రోజూ వస్తారు, చాలా మంచివారు," అని. తర్వాత నా వైపు తిరిగి, "మీకు ఆలస్యం అవుతుందేమో, ఇంటి దగ్గర మీవారు చూస్తుంటారు," అన్నారు.

"ఫరవాలేదండీ, చూడనివ్వండి," అన్నాను.

గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగారు:

"మీవారు మిమ్మల్ని బాగా చూసుకుంటారా?"

"చూసుకున్నారండీ," అన్నాను. "నలభై రెండేళ్ళు."

"అయితే సరే," అన్నారు. లేచి, పక్కనున్న కుర్చీ తన దగ్గరగా లాగి, అందులో దుమ్ము లేకపోయినా చేత్తో దులిపి, "కూర్చోండి మరి," అన్నారు.

కూర్చున్నాను.

నీ ఆండాళ్ వదిన